మామ పేరు

పోయినవారం మనం నాగక్కను ఆసుపత్రి వసారాలో నిలబెట్టి వదిలేసి వచ్చాం. వారం పొడుగునా ఆమె కాళ్ల సంగతి ఎవరూ కనుక్కోలేదు. కథలో మాత్రం ఒక్క నిమిషమైనా గడవలేదు కనుక ఆమె మన మీద ఫిర్యాదు చేసే వీలు లేదు.

పత్రిక పొరుగింటికి ఎరువిచ్చి ఆ భాగం చదవలేకపోయిన వారి కోసం నాలుగు ముక్కలు. ఆలూరులో శివన్న శెట్టి తన తండ్రి పేర కట్టించిన ధర్మాసుపత్రిలో నాగక్క పిల్లల వార్డు నర్సు. ఊపిరితిత్తుల జ్వరంతో ఉన్న ఈరన్న అనే పిల్లవాడికి వేయవలసిన పెనిసిలిన్ సూదిని ఆమె గోపన్న అనే మరో పిల్లవాడికి వేసింది. గోపన్న వచ్చింది విరేచనాలతో. ఆ సూది వాడి ఒంటికి సరిపడలేదు. దద్దుర్లు లేచి, ముఖం వాచి, ఊపిరి అందక వాడు చేతుల్లోంచి జారిపోబోతుంటే పెద్ద డాక్టరు బసవన్న పరుగున వచ్చి విరుగుడు సూది వేసి నిలబెట్టాడు. పిల్లవాడు ఇప్పుడు కులాసా. విరేచనాలు మాత్రం తమ పని తాము చేసుకుపోతున్నాయి. కులాసాగా లేనిది నాగక్క ఉద్యోగం. "పేరు పిలిచే వేశాను, తల్లి ఒప్పుకుంది" అని ఆమె మాట. "తన బిడ్డది కాని సూదిని ఏ తల్లి ఒప్పుకుంటుంది?" అని డాక్టరు మాట. తేల్చడానికి శెట్టి వస్తున్నాడు.

ఇదిగో, వచ్చాడు.

మోటారు దిగుతూనే శెట్టి పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు. పత్తి మిల్లు యజమాని, భారీ మనిషి. ఆ చెయ్యి పొట్టలో నాలుగో వంతుకు కూడా చాలలేదు. వసారా అప్పుడే ఫినాయిలు పోసి కడిగారు. విచారణ అంటే శుభ్రంగా ఉండాలని కాబోలు, రోజుకన్నా రెట్టింపు పోశారు. గోడ మీది బల్లి కూడా ఇల్లు మారిపోయింది.

"నిన్న ఆదోనిలో పెండ్లి" అన్నాడు శెట్టి కుర్చీలో సర్దుకుంటూ. "ఓళిగలు, మీరు బొబ్బట్లంటారే, అవి. వద్దంటే వినరు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే చేతిమీద వడ్డించినారు. తెల్లారినాంక కడుపు నా మాట వినలేదప్పా డాక్టరూ."

"తగ్గించడం ఎంతసేపు" అన్నాడు డాక్టరు. "ఓబన్నా, పిల్లల వార్డుకు నింపిన తెల్లమందు తీసుకురా. శెట్టి గారికి ఒక మోతాదు ఇవ్వు."

కాంపౌండరు ఓబన్న మందులగదిలోంచి సీసా తెచ్చాడు. అప్పుడే నింపినది, మూతి దాకా ఉంది. మోతాదులు తెలిసేందుకు పక్కన గాట్లు కత్తిరించి అంటించిన కాగితం పట్టీ మీద గంజి ఇంకా తడిగానే ఉంది. పాలలాంటి మందును ఒక గాటు మేరకు గ్లాసులో పోసి ఇచ్చాడు.

"ఏం మందప్పా ఇది?" అన్నాడు శెట్టి గ్లాసు ఎత్తి వెలుతురులో చూస్తూ.

డాక్టరు నవ్వాడు. "మందు పేరుతో మీకేం పని శెట్టి గారూ? కడుపు మీది, మందు మాది. తాగేయండి."

శెట్టి ఒక్క గుటకలో తాగేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "శానా ఘాటు."

"ఘాటు లేకపోతే మందని ఎవరు నమ్ముతారు?"

నాగక్క ఇదంతా చూస్తూ నిలబడి ఉంది. ఆమెకు బెదురు లేదు. తప్పు జరిగిందని ఆమెకు తెలుసు. ఎలా జరిగిందో తెలియకపోవడమే ఆమె బాధ. ఎలా జరిగిందో తెలియని తప్పు రేపు మళ్లీ జరుగుతుంది. తనను ఇంటికి పంపినా, తన చోట ఇంకొకరు వచ్చినా జరుగుతుంది. ఆ మాట ఎలాగైనా ఈ మేజా ముందు చెప్పాలని వచ్చింది. కడప మిషను హాస్టలులో పసితనం నుంచి పెరిగి, మద్రాసులో నర్సు చదువు చదివి, పెళ్లి ఊసెత్తిన వాళ్లందరికీ కాఫీ ఇచ్చి పంపేసిన మనిషి. మందుల గురించి ఆమెకు తెలియనిది తక్కువ. అత్తగారింటి గురించి తెలిసింది అంతకన్నా తక్కువ. ఈ రెండో సంగతి పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి.

"తల్లిని పిలవండి" అన్నాడు శెట్టి.

హులిగెమ్మ వచ్చింది. పాతికేళ్లుంటాయి. కుర్చీ చూపిస్తే దాన్ని కుక్కను చూసినట్టు చూసి, స్తంభానికి ఆనుకుని కింద కూర్చుంది. ఆమె వెనక తలుపు దగ్గర భీమక్క నిలబడింది. ఆ రోజు సూది దక్కవలసిన ఈరన్నకు తల్లి ఈమే. ఆమెను ఎవరూ పిలవలేదు. పిలిచేదాకా ఆగే మనిషి కాదు.

"ఏమ్మా, గోపన్న నీ కొడుకేనా?" అడిగాడు శెట్టి.

"ఊ సామీ."

"సూది ఏసే ముందు నర్సమ్మ నిన్ను అడిగిందా?"

"నన్నని అడగలేదు సామీ. వార్డు మధ్యన నిలబడి పిల్చింది."

"ఏమని పిల్చింది?"

హులిగెమ్మ నేలవైపు చూసింది.

డాక్టరుకు ఓపిక తక్కువ. "ఇందులో ఆలోచించేదేముంది? ఈరన్న అని పిలిచిందా లేదా?"

హులిగెమ్మ చటుక్కున లేచింది. కొంగు తల మీదికి లాక్కుని, తల వంచి నిలబడింది.

"కూచోమ్మా, ఎవురూ నిన్ను లెయ్యమన్లేదు" అన్నాడు శెట్టి.

కూర్చుంది.

"సరే. నీ కొడుకు గోపన్న కదా. మరి ఈరన్న అంటే నువ్వెందుకు పలికావు?" అన్నాడు డాక్టరు.

హులిగెమ్మ మళ్లీ లేచింది. మళ్లీ కొంగు, మళ్లీ తలవంపు.

"చూశారా శెట్టి గారూ? అడిగినప్పుడల్లా లేచి పోబోతోంది. ఇలాంటి వాళ్ల నుంచి నిజం రాబట్టడం నా వల్ల కాదు. ఈరన్న అని పిలిచినప్పుడు..."

అప్పుడే కూర్చోబోతున్న హులిగెమ్మ సగంలో ఆగి, తిరిగి నిటారుగా నిలబడింది.

నాగక్క ఆమె నిలబడిన తీరు చూసింది. ఆ రోజు మధ్యాహ్నం కళ్లముందు కదిలింది. చేతిలో పళ్లెం, పళ్లెంలో సూది. వార్డు నడుమ నిలబడి "ఈరన్న ఎవరమ్మా?" అని తను పిలవడం. ఒక మనిషి లేచి, తల నిండా కొంగు కప్పుకుని, తల వంచడం. ఇన్నేళ్లుగా పేరు పిలిస్తే లేచిన మనిషే ఆ పేరుగల బిడ్డకు తల్లి. తల వంచితే అవునని. ఆ ధైర్యంతోనే తను ఆ మంచం దగ్గరికి నడిచింది. సరిగ్గా ఇలాగే నిలబడింది ఈమె.

"డాక్టరు గారూ, ఒక్కసారి తిమ్మన్న అనండి" అంది నాగక్క.

"ఏమిటి?"

"తిమ్మన్న అని అనండి సార్."

"ఇది విచారణా, వీధినాటకమా?"

"అనప్పా డాక్టరూ, దుడ్లేమన్నా పోతాయా" అన్నాడు శెట్టి. ఓళిగల బాధలోనూ ఆయనకు ఇది రుచించసాగింది.

"తిమ్మన్న" అన్నాడు డాక్టరు. హులిగెమ్మ కూర్చుంది, కూర్చునే ఉంది.

"బసవన్న అనండి."

డాక్టరు తన పేరు తానే పలికాడు. హులిగెమ్మ కదలలేదు. తన పేరుకు ఎవరూ లేవకపోవడం ఆయనకు కాస్త కష్టంగానే తోచినట్టుంది.

"ఇప్పుడు ఈరన్న అనండి."

ఆయన అనే పని లేకపోయింది. నాగక్క నోట రాగానే హులిగెమ్మ లేచింది.

నాగక్క ఆమె దగ్గరికి వెళ్లి నెమ్మదిగా అడిగింది. "హులిగెమ్మా, మీ మామ పేరేంది?"

హులిగెమ్మ పెదవి కొరుక్కుంది. తలుపు దగ్గర భీమక్క ఇక పట్టలేకపోయింది.

"ఆయమ్మ ఎట్ల చెప్తాది నర్సమ్మా? కోడలు మామ పేరు చెప్తాదా యాడన్నా? అదే పేరు. నా కొడుకుదీ అదే, ఆయమ్మ మామదీ అదే. ఉరుకుంద ఈరన్న సామి పేరు గదా, మా తట్టు ఇంటికొక ఈరన్న. వాళ్ల ఈరన్న పెద్దమనిషి, మా ఈరన్న..."

"భీమక్కా, ఊరికే అనొద్దే తల్లీ" అంది హులిగెమ్మ నిలబడే. "మోకాళ్లు నొస్తాండాయి."

శెట్టి నవ్వబోయి పొట్ట పట్టుకున్నాడు. డాక్టరు నవ్వలేదు.

"అంటే, మామగారి పేరు వినబడిందని లేచావు. నీ బిడ్డను పిలిచారని కాదు."

"పెద్దాయన పేరు చెవినబడ్తే కాళ్లు చాపుకోని కూచోనుంటే ఎట్ల సామీ? మా అత్త చూస్తే ఊరుకుంటాదా?"

"మీ అత్త ఊళ్లో ఉంది కదా."

"ఆయమ్మ ఈడ లేదని నాకు తెల్సు సామీ. నా మోకాళ్లకు యాడ తెల్సు?"

ఈ మాట అర్థం కావడానికి మద్రాసు చదువు అక్కరలేదు. ఏ ఇంటికైనా కోడలుగా వెళ్లి ఒక్క ఏడాది మెలిగితే చాలు. ఆ వసారాలో చదువుకున్న ముగ్గురిలో ఆ చదువు ఎవరికీ లేదు.

"సరే" అన్నాడు శెట్టి. "లేచినావు, నిలబడినావు. నర్సమ్మ నీ కొడుకు మంచం కాడికొచ్చి సూది ఏస్తాంటే, ఇది మావోనికి కాదని ఎందుకు అనలేదమ్మా?"

హులిగెమ్మ తలెత్తింది. ఆ ఉదయం ఆమె సూటిగా ఎవరి ముఖమైనా చూడటం అదే మొదలు.

"అది ఎవురి సూదో నాకెట్ల తెల్సు సామీ? ఎవురన్నా చెప్పినారా? మీరు ఏస్తారు, మేము పట్టుకుంటాము. కాలు పట్టుకో అంటే కాలు పట్టుకుంటాము, చెయ్యి పట్టుకో అంటే చెయ్యి. ఆ పొద్దు చెయ్యి పట్టుకోమన్నారు, పట్టుకుంటి. నేనే పట్టుకుంటి."

భీమక్క వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఆ పూట తను వెనక పొయ్యి దగ్గర గంజి కాచుకుంటూ ఉండిపోయానన్న సంగతి ఆమెను కూడా పొడుస్తున్నట్టుంది.

నాగక్క మేజా ముందుకు వచ్చింది.

"తప్పు నాదే సార్. లేచిన మనిషిని చూశాను గాని బిడ్డను గురించి అడగలేదు. నన్ను పంపిస్తే పంపించండి. కాని ఒక పద్ధతి ఇక్కడ పెట్టి పోతాను. వార్డు మధ్య నిలబడి పేరు పిలవడం మానేయాలి. మంచం దగ్గరికి వెళ్లాలి. బిడ్డ ఎవరు, జబ్బేమిటి, ఈ మందు దేనికి, ఈ మూడూ తల్లి నోట రావాలి. మనం చెప్పి తల ఊపించుకోవడం కాదు. ఆమె చెప్పాలి. చెప్పలేకపోతే, ముందు మనం నేర్పాలి. ఆ తరవాతే మందు."

"ఆసుపత్రి సంత అయిపోతుంది" అన్నాడు డాక్టరు. ఆయన చెడ్డవాడు కాదు. నలభై ఊళ్లకు ఒక్క డాక్టరు, అలసిన మనిషి. "మందు ఏమిటని అడిగే రోగిని నా అనుభవంలో చూడలేదు. అడిగితే చెబుతూ కూర్చోవడానికి నాకు తీరిక లేదు. చెప్పినా వీళ్ల బుర్రకెక్కుతుందా?"

"నిన్న హులిగెమ్మకు ఒక్క మందు గురించి చెప్పాను సార్. మీరే అడగండి."

డాక్టరు అడగలేదు. శెట్టి అడిగాడు. "చెప్పమ్మా, నీ కొడుక్కు ఏం మందు తాపిస్తాండారు?"

"తెల్లమందు సామీ. సుద్ద కలిపింటారంట. బేదులు కట్టేదానికి. దాల్చినచెక్క వాసనొస్తాది. పొద్దున చెంచాడు, మాపున చెంచాడు. సీసా బాగా ఊపి పొయ్యాల, లేకుంటే సుద్ద అడుగున నిలుస్తాది." కాస్త ఆగి, "తాగినాంక మూతి తుడవాల, లేకుంటే ఈగలు" అని తన వంతు కూడా ఒకటి చేర్చింది.

శెట్టి కుర్చీ వెనక్కి వాలి గుండె మీద రాసుకున్నాడు. మంట ఇంకా తగ్గినట్టు లేదు.

"డాక్టరూ, నా మిల్లులో పత్తి మూట బండికెక్కించేటప్పుడు ఏమి చేస్తారో తెల్సా? కూలోడు మూట మీది గుర్తు సూసి గట్టిగా అరుస్తాడు. గుమస్తా తిరిగి అదే గుర్తు అరుస్తాడు. ఇద్దరి అరుపూ ఒకటైతేనే బండి కదుల్తాది. పత్తి మూటకు చేసే మర్యాద పిల్లోనికి చెయ్యకపోతే ఎట్లప్పా?"

"పత్తి మూట ఎదురు మాట్లాడదు శెట్టి గారూ."

"అందుకే దాని తరపున ఇద్దరు అరవాల. ఇది మాట్లాడే మూట. ఇంకా మేలే గదా." ఆయన నాగక్క వైపు తిరిగాడు. "నర్సమ్మా, నీ పద్ధతి ఈ పొద్దు నుంచే పెట్టు. కానీ ఒక మాట. ఇంకొక మందు తప్పిందా, నీ పద్ధతీ పోతాది, నువ్వూ పోతావు. సరేనా?"

"సరే సార్" అంది నాగక్క. ఆమె గొంతులో తడబాటు లేదు. ఉద్యోగం దారానికి వేలాడుతున్నా, ఆ దారం ఎక్కడ కట్టి ఉందో ఇప్పుడు ఆమెకు తెలిసింది. అది చాలు.

"అయితే ఇప్పుడే చూద్దాం" అన్నాడు డాక్టరు లేచి. "పిల్లవాడికి పొద్దుటి మోతాదు వేళ ఎలాగూ దాటిపోయింది. ఆ మూడు ప్రశ్నలూ నేనే అడుగుతాను. రండి శెట్టి గారూ, తమాషా చూద్దురుగాని."

మేజా మీది సీసా ఓబన్న అందుకున్నాడు. అందరూ వార్డులోకి నడిచారు. గోపన్న మంచం మీద కూర్చుని తన కాలి బొటనవేలితో ఏదో పంచాయతీ చేస్తున్నాడు. మిగతా తల్లులంతా పనులు ఆపి చూస్తున్నారు. డాక్టరు స్వయంగా సీసా ఊపి, చెంచాలో మందు పోసి, బడిలో ఇనస్పెక్టరులా గొంతు సవరించుకున్నాడు.

"చెప్పమ్మా. ఎవరి బిడ్డ?"

"నా బిడ్డ. గోపన్న."

"ఏం జబ్బు?"

"బేదులు సామీ."

"ఈ మందు ఏమిటి?"

హులిగెమ్మ చెంచా తన చేతిలోకి తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆగింది. మళ్లీ పెట్టుకుంది.

నాగక్క మంచం దగ్గరికి జరిగింది. ఇంతసేపూ గడగడా చెప్పిన మనిషి ఇప్పుడు మూగబోయిందేమిటి?

"ఏమ్మా, మరిచిపోయావా?" డాక్టరు ముఖం వెలిగింది.

"మరిచిపోలేదు సామీ. ఇది ఆ మందు కాదు."

డాక్టరు గట్టిగానే నవ్వాడు. "చూశారా శెట్టి గారూ? పాఠం నేర్పిన మరుసటి రోజే డాక్టరయిపోయింది."

"తెల్లగానే ఉండాది" అంది హులిగెమ్మ, నవ్వును పట్టించుకోకుండా. "దాల్చినచెక్క లేదు. మా ఇంటాయనకు నడుము పట్టుకుంటే కాంపౌండరు సామి రుద్దుకోమని ఒకటి ఇచ్చినాడే, ఆ వాసన. కర్పూరం మాదిరి. ఇది నేను తాపీయను." చెంచా బిడ్డకు అందనంత దూరం జరిపి, రెండో చేత్తో వాణ్ణి వెనక్కి లాక్కుంది. ఈసారి కొంగు తల మీద లేదు.

డాక్టరు ఇంకా నవ్వుతూనే వంగి వాసన చూశాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. చెంచా తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి మళ్లీ చూశాడు. ఆయన ముఖం చూసి నాగక్క సీసా లాక్కుని మూతి ముక్కుకు ఆనించుకుంది. ఫినాయిలు వాసన లేని ఆ మూల స్పష్టంగా తెలిసింది. ముందు కర్పూరం, వెనకే గుప్పున టర్పెంటైను ఘాటు. నడుము నొప్పులకు పైన రుద్దే మందు. చూడటానికి అచ్చం సుద్ద మందులాగే ఉంటుంది. నోట్లో పోయకూడనిది.

"ఓబన్నా" అన్నాడు డాక్టరు. గొంతు మారిపోయింది. "ఏ జాడీలోంచి నింపావు?"

"తెల్లమందు జాడీలోంచే సార్. నిన్న అరలు కడిగినాము. జాడీలు మళ్లా పెట్టేటప్పుడు తారుమారైనట్టుండాయి." ఓబన్న మందులగది వైపు చూశాడు.

"బిడ్డ నోట్లో పడలేదు గదా" అన్నాడు శెట్టి తృప్తిగా. "తల్లి ఆపింది గదా. ఇదే డాక్టరూ నేను చెప్పింది. నర్సమ్మా, నీ పద్ధతి మొదటి పూటే..." అని నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. దగ్గుతూ మంచం పట్టె ఆసరా పట్టుకున్నాడు.

నాగక్క చేతిలో సీసా ఉంది. పక్కన గంజి ఇంకా ఆరని కాగితం పట్టీ ఉంది. మూతి దాకా నింపి తెచ్చిన సీసాలో మందు ఇప్పుడు పై గాటుకు దిగువన ఉంది. చెంచాడు తీసినంతకే అంత దిగదు. ఆమె నెమ్మదిగా తలతిప్పి వసారాలోకి చూసింది. మేజా మీద గ్లాసు. గ్లాసు అడుగున తెల్లటి చార.

ఆమె చూపు వెంట డాక్టరు చూపు వెళ్లింది. ఆయన చూపు వెంట ఓబన్నది. చివరికి ముగ్గురి చూపులూ ఒకచోటే వచ్చి ఆగాయి.

శెట్టి ముఖం చెమటతో తడిసిపోయి ఉంది. ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. వ్యాపారం చేసి తలపండిన మనిషి, లెక్క తేలడానికి ఎంతోసేపు పట్టలేదు.

"డాక్టరూ" అన్నాడు, నెమ్మదిగా. "ఇందాక నాకు తాపినావే. అది ఏం మందు?"

డాక్టరు సీసా వైపు చూశాడు, ఓబన్న వైపు చూశాడు.

గోపన్నను చంకనేసుకుని హులిగెమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"చెప్పు సామీ" అంది. "ఆయప్ప అడుగుతాండాడు గదా."